పెంచలయ్య అనే పేరు ఎక్కడిదో పట్టుకోవడం ఎలా

2024 నవంబరు చివర్లో ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు చెన్నైలో మా కొడుంగైయూర్ టీకొట్టు అన్న నాకు 'పుయల్' (తమిళంలో తుపాను) అని పేరు పెట్టేశాడు. తమిళ పేపర్లు ఆ తుపానును 'ఫెంజల్' అని రాశాయి. నా పేరేమో తమిళంలో రాస్తే 'పెంజలయ్యా' అవుతుంది. పోనీ అసలు అర్థం చెప్పి నోరు మూయిద్దామంటే నాకూ తెలీదు. అప్పుడు మొదలుపెట్టాను. మీదీ అరుదైన పేరైతే ఇలా వెతకండి.

ముందు పేరు చివరి అయ్య, అమ్మ తీసేయండి. మిగిలిన ముక్క కోసం వెంటనే నిఘంటువు తిరగేయకండి, ఇంట్లో పెద్దామెను అడగండి. "అర్థమేంటి" అని కాదు, "ఎవరి మొక్కు" అని. మా మేనత్త ఒక్క మాటలో తేల్చేసింది: "కోనకు మొక్కుకుంటే పుట్టావురా అబ్బయ్యా."

కోన అంటే నెల్లూరు జిల్లా రాపూరు దగ్గరి పెంచలకోన. అక్కడి స్వామి పెనుశిల నరసింహుడు. పెనుశిలే నోళ్లలో నలిగి పెంచల అయిందని కొందరంటారు. స్వామి చెంచులక్ష్మిని పెనవేసుకుని శిలయ్యాడు కాబట్టి ఆ పేరని ఇంకొందరు. నాకు మొదటిదే నమ్మబుద్ధవుతుంది. మేనత్త ముందు మాత్రం రెండోదే.

ఇదే దారిలో వెళ్తే మస్తానయ్య కసుమూరు దర్గాకు, కోటయ్య కోటప్పకొండకు, ఓబులేసు అహోబిలానికి చేరతారు. పెంటయ్య మాత్రం ఏ గుడికీ పోడు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి పెట్టే పేరది.

ఇక ఆ పేరు ఎంతమందికి ఉందన్నది. అమెరికాలో 1880 నుంచి పుట్టినవాళ్ల పేర్ల లెక్క ఏడాదివారీగా దొరుకుతుంది. మనకు ఓటర్ల జాబితానే దిక్కు. ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో పోలింగ్ కేంద్రాల వారీగా పీడీఎఫ్‌లు ఉంటాయి. నేను రాపూరు నియోజకవర్గం కోసం ఒక పూటంతా వెతికాను. 2008 పునర్విభజనలో అది పోయింది, ఇప్పుడు వెంకటగిరిలో చూడాలి. ఆ పీడీఎఫ్‌లు ఫొటోల్లాంటివి, పేరు టైప్ చేస్తే దొరకదు. కాఫీ పెట్టుకుని కళ్లతోనే చదవాలి. వయసు గడి చూస్తే ఏ కాలంలో పెట్టిన పేరో తెలుస్తుంది. తండ్రి గడి ఇంకో తరం వెనక్కి తీసుకెళ్తుంది. మా ఊరి జాబితాలో అరవై దాటినవాళ్లు పెంచలయ్యలు, పెంచలమ్మలు. కుర్రాళ్లేమో పెంచల ప్రసాద్, పెంచల కిషోర్.

చెన్నై జాబితాలో ఒక చిక్కుంది. మా అబ్బాయి ఇక్కడ పి. ప్రసాద్. ఊళ్లో ఆ 'పి' చూసి ఇంటిపేరనుకుంటారు. తమిళ పద్ధతిలో అది నాన్న పేరు, అంటే నేనే. ఇక్కడ మాత్రం తండ్రి గడి వదలకండి.