కారవాన్ మైలేజీ: టాప్ మీద నుంచి మొదలుపెట్టండి

గూడూరు నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు హైవే దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. ఈ రోడ్డు మీద కారవాన్ తాగే డీజిల్‌లో ఎక్కువ వాటా గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. 2.2 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు, మంచాలూ వంటగట్టూ కలిపి మూడున్నర టన్నులుండే బండి తీసుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర టైర్ల రాపిడి సుమారు 35 కిలోల బలంతో వెనక్కి లాగుతుంటే, గాలి 85 కిలోల పైనే లాగుతుంది. 100కి వెళితే టైర్ల లెక్క పెద్దగా మారదు కానీ గాలి 130 దాటుతుంది. రెండూ కలిపితే ప్రతి కిలోమీటరుకీ 40 శాతం ఎక్కువ పని. కాబట్టి పైసా ఖర్చులేని మార్పు 80 దాటకుండా నడపడం. 70 దగ్గర ఇంకా మిగులుతుంది, కాకపోతే వెనక లారీల హారన్ భరించాలి.

ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఈ రోడ్డు మీద పక్కనుంచి కొడుతుంది. పక్కగాలిలో చదునైన బాడీకి నిరోధం ఇంకా పెరుగుతుంది, బండి కూడా ఊగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి నేరుగా ఎదురైతే 80లో వెళ్ళే బండి 100లో వెళ్తున్నట్టే గాలిని ఢీకొంటుంది. తెల్లవారుజామునే బయల్దేరితే ఈ రెండు బాధలూ తక్కువ.

ఇక టాప్. క్యారియర్, స్టెప్నీ, పైకి కట్టిన గ్యాస్ స్టవ్ పెట్టె, చాపలు, కుర్చీలు: ఎక్కకపోయినా పరవాలేదనిపించేవన్నీ దించేయండి. సైకిళ్ళు తప్పనిసరి అయితే వెనక తలుపు మీదికి మార్చండి. బాడీ వెడల్పు దాటకపోతే వెనక పెట్టినవి పెద్దగా నష్టం చేయవు, ఎలాగూ అక్కడ గాలి చెదిరిపోయి ఉంటుంది. నంబరు ప్లేటు, వెనక లైట్లు మాత్రం మరుగున పడకూడదు.

దించలేనిది ఏసీ. 30 సెంటీమీటర్ల ఎత్తున్న ఏసీ పెట్టె ముఖం గాలికి గోడలా నిలబడుతుంది. దాని ముందు ఏటవాలు పలక కట్టించండి. ఎత్తు 30 అయితే ముందుకి కనీసం 50 సెంటీమీటర్లు సాగాలి, అప్పుడే వాలు 30 డిగ్రీల దగ్గరికి వస్తుంది. అంతకన్నా నిటారుగా ఉంటే గాలి పలకను అంటుకుని పోకుండా అంచు దగ్గరే విడిపోతుంది, పెట్టిన ఖర్చు దండగ. ఫైబర్ పోతపోయించవచ్చు, లేదా బోర్డులు చేసేవాళ్ళ దగ్గర దొరికే 4 మిల్లీమీటర్ల ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) వంచి చేయించవచ్చు. ఏసీ పక్కలూ వెనకా మూయకండి, వేడి బయటికి పోయే దారి అదే.

చాలామంది తేలిగ్గా తీసుకునేది బిగింపు. 80 దగ్గర గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 30 కిలోలు, 100 దగ్గర 45. ఎదురుగా లారీ దాటినప్పుడు వచ్చే దెబ్బ దీనికి అదనం. నాలుగు సెల్ఫ్ స్క్రూలతో బిగించిన పలక మొదట గలగలమంటుంది, తర్వాత స్క్రూ రంధ్రాలు సాగుతాయి, చివరికి వెనక వచ్చే మోటారు సైకిలు మీద పడుతుంది. క్యారియర్ పైపులకు క్లాంపులు వేసి, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగుండి అదురుకి వదులవని నట్లు) బిగించండి. రూఫ్‌కి రంధ్రం వేయక తప్పకపోతే పాలీయురెథేన్ సీలెంటు పెట్టకుండా వేయొద్దు. ఈశాన్య రుతుపవనాల వానలో కారేది అక్కడే. తీరం గాలిలో ఉప్పు ఉంటుంది కనుక అల్యూమినియం తగిలేచోట స్టీలు బోల్టు కింద నైలాన్ వాషర్ వేయండి, లేకపోతే రెండేళ్ళు తిరక్కముందే తెల్లపొడి రాలుతుంది.

చాసిస్ కొని ఆటోనగర్‌లో బాడీ కట్టించుకునేవాళ్ళు మూలల గురించి ముందే మాట్లాడుకోవాలి. 1970లలో నాసా డ్రైడెన్ కేంద్రంలో పెట్టెలాంటి వ్యానుతో చేసిన పరీక్షల్లో నిలువు మూలలు గుండ్రం చేస్తే నిరోధం 40 శాతం, అడ్డ మూలలు కూడా చేస్తే 54 శాతం తగ్గింది. లోపలి చోటు నష్టం 3 శాతమే. కంపెనీ వ్యానుల ముక్కు ఇప్పటికే గుండ్రంగా ఉంటుంది కాబట్టి వాటికి ఇంత లాభం ఆశించకండి. బాడీ నిర్మాణం మార్చేటప్పుడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, ఆర్టీవో అనుమతి ముందే తీసుకోండి.

బండి అడుగున షీటు కొట్టించడం లాభమే, కానీ సైలెన్సర్ దారి వదిలేయండి. బీఎస్6 డీజిల్ బండ్లలో పొగ ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగేవాళ్ళు షీటుకి నీళ్ళు పోయే రంధ్రాలు పెట్టించాలి. లేకపోతే బురద చేరి అదే మోతబరువవుతుంది. రేడియేటర్ గ్రిల్లును అట్టతో మూసే చిట్కా మన మే నెలకు పనికిరాదు. రూఫ్ వెనక అంచున అతికించే ప్లాస్టిక్ రెక్కలు కూడా కొనకండి, చదును వీపున్న బండికి గాలి ఆ అంచు దగ్గర ఎలాగూ విడిపోవాల్సిందే.

టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. సామానంతా ఎక్కించాక వేబ్రిడ్జి మీద ముందు, వెనక యాక్సిళ్ళు విడివిడిగా తూయించి, ఆ బరువుకు కంపెనీ చెప్పిన ఒత్తిడి పెట్టండి. వంద లీటర్ల నీళ్ళు వంద కిలోలే, మట్టసమంగా ఉన్న రోడ్డు మీద ఖర్చు పెరిగేది ఒక శాతం లోపు. దోర్నాల ఘాట్ ఎక్కి శ్రీశైలం పోతే మాత్రం నీళ్ళ ట్యాంకు కొండ ఎక్కాక నింపుకోవడమే మేలు.

చేసిన పని ఫలించిందో లేదో తేల్చడానికి ఉన్ని దారం చాలు. పది సెంటీమీటర్ల ముక్కలు అడుగుకొకటి చొప్పున టాప్ ముందంచునా, పక్కలా ఇన్సులేషన్ టేపుతో ఒక కొన అంటించి, పక్క బండిలో కూర్చున్నవాళ్ళ చేత 60 దగ్గర వీడియో తీయించండి. దారం వెనక్కి చదునుగా పడుకుంటే గాలి అంటుకుని పోతోంది, గిరగిరా తిరిగినా ముందుకి చూసినా అక్కడ విడిపోయింది.

అంకె కావాలంటే గాలిలేని ఉదయం, ట్రాఫిక్ లేనప్పుడు, ఒకే చోట 80 నుంచి న్యూట్రల్ వేసి 60కి పడే సమయం లెక్కపెట్టండి. ఇంజిన్ ఆపొద్దు, బ్రేకూ స్టీరింగూ బిగుసుకుంటాయి. పైన చెప్పిన బండికి దాదాపు 20 సెకన్లు పడుతుంది. గాలి నిరోధం పది శాతం తగ్గినా పెరిగేది సెకనున్నర లోపే. అందుకే పోయేటప్పుడు మూడుసార్లు, వచ్చేటప్పుడు మూడుసార్లు చేసి సగటు తీయాలి, స్పీడోమీటరు బదులు ఫోనులో జీపీఎస్ చూడాలి. డీజిల్ లెక్కకైతే అదే బంకు, అదే గన్ను, మొదటి క్లిక్కుకే ఆపి ఫుల్ ట్యాంకు. నెల్లూరు నుంచి ఒంగోలు పోయి వస్తే సుమారు 240 కిలోమీటర్లు, ఆ దూరంలో నింపడంలో అర లీటరు అటూ ఇటూ అయినా తేడా కనబడుతుంది.