సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ నడవకపోతే: విదేశీ రోమింగ్‌లో చూసుకోవలసినవి

విదేశంలో విమానం దిగి ఫోన్ తెరిస్తే సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, పక్కన 4జీ గుర్తు కూడా ఉంటుంది, కాని వాట్సాప్‌లో పంపిన ఒక్క ఫొటో ఎంతసేపటికీ అవతలివారికి చేరదు. మన దేశపు సిమ్‌తో ప్రయాణించే చాలామందికి ఇది అనుభవమే. అలాంటప్పుడు ఎక్కువమంది వెంటనే మరో ప్యాక్ కొంటారు. అది కొన్నిసార్లు పనిచేస్తుంది గాని చాలాసార్లు డబ్బు దండగ అవుతుంది, ఎందుకంటే రోమింగ్‌లో, అంటే మన సిమ్‌ను పరాయి నెట్‌వర్క్ మీద వాడుతున్నప్పుడు, నెట్ నెమ్మదించడానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని కారణాలు అనేకం ఉన్నాయి. కనుక ముందు కారణం తేల్చుకుని ఆ తరువాతే ఖర్చు పెట్టాలి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులను, పని మీద దుబాయికి వెళ్లేవారిని, హజ్ యాత్రికులను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

బయలుదేరే ముందు

మొదట రెండు వేర్వేరు విషయాలను విడదీసి అర్థం చేసుకోవాలి. మొబైల్ కంపెనీ మన నంబరుకు ఇచ్చే అంతర్జాతీయ రోమింగ్ సేవ ఒకటి. ఫోన్ సెట్టింగులలో కనిపించే డేటా రోమింగ్ అనే మీట మరొకటి. మొదటిది లేకపోతే విదేశీ నెట్‌వర్క్ మన సిమ్‌ను అసలు చేర్చుకోదు, కాబట్టి బ్యాంకు ఓటీపీలు కూడా రావు. మొదటిది ఉండి రెండవదాన్ని ఆపివేస్తే నెట్ రాదు గాని ఓటీపీ సందేశాలు వస్తాయి. బిల్లుకు భయపడి రెండింటినీ ఆపివేసి, పరాయి దేశంలో బ్యాంకు లావాదేవీ చేయలేక చిక్కుకుపోయేవారు ఉన్నారు. రోమింగ్ సేవను ఇంటి దగ్గరే కంపెనీ యాప్‌లో క్రియాశీలం చేసుకుని, అది పూర్తయినట్లు సందేశం వచ్చాకే బయలుదేరడం మంచిది.

ప్యాక్ ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు షరతులు చదవాలి. ఏ దేశాలకు వర్తిస్తుంది, ఆ దేశంలో ఏయే నెట్‌వర్కుల మీద వర్తిస్తుంది, పూర్తి వేగంతో ఎంత డేటా ఇస్తారు, అది అయిపోయాక ఏమవుతుంది, రోజును ఏ గడియారం ప్రకారం లెక్కిస్తారు అన్నవి తప్పక తెలుసుకోవాలి. చివరి అంశాన్ని చాలామంది పట్టించుకోరు. రోజువారీ కోటా ఉన్న ప్యాక్‌లో రోజును భారత కాలమానం ప్రకారం లెక్కిస్తే, వేసవిలో డాలస్‌లో మధ్యాహ్నం ఒకటిన్నరకే కొత్త రోజు మొదలవుతుంది. ఆ సంగతి తెలిస్తే ఉదయం కోటా అయిపోయినంత మాత్రాన కంగారుపడి ఇంకో ప్యాక్ కొనవలసిన పని ఉండదు.

హైదరాబాదు నుంచి అమెరికాకు వెళ్లేవారిలో చాలామంది దోహాలోనో దుబాయిలోనో అబుదాబిలోనో విమానం మారుతారు. అమెరికాకు కొన్న ప్యాక్ ఆ మధ్య దేశంలో పనిచేస్తుందని అనుకోకూడదు. గమ్యం చేరేవరకు డేటా రోమింగ్ ఆపి ఉంచి, మజిలీలో విమానాశ్రయపు వైఫై వాడుకోవాలి. కొన్ని విమానాల్లో, పెద్ద ఓడల్లో ఉపగ్రహం ద్వారా పనిచేసే ప్రత్యేక మొబైల్ నెట్‌వర్కులు ఉంటాయి. వాటి ఛార్జీలు సాధారణ ప్యాక్‌లలోకి రావు, కనుక విమానం ఎక్కగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం డబ్బు పరంగా కూడా అవసరం.

వెళ్లే నగరం మ్యాప్‌ను గూగుల్ మ్యాప్స్‌లో ముందే దింపుకుంటే దారి వెతకడానికి నెట్ అక్కరలేదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగును కూడా అలాగే దింపుకోవచ్చు. దిగవలసిన చిరునామా, బీమా పత్రం, తిరుగు టికెట్ల స్క్రీన్‌షాట్లు ఫోన్‌లో ఉంచుకోవాలి. సిమ్ సెట్టింగులలో ఏపీఎన్ అనే పుట ఉంటుంది, ఫోన్ ఏ దారిన నెట్‌లోకి వెళ్లాలో చెప్పే వివరాలు అందులో ఉంటాయి, దానికి కూడా ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ వివరాలు చెరిగిపోతే సిగ్నల్ ఉన్నా నెట్ రాదు, అవి ఏమిటో పరాయి దేశంలో వెతుక్కోవడానికే మళ్లీ నెట్ కావాలి.

కారణం తేల్చుకోవడం

ముందుగా చూడవలసింది కోటా. పూర్తి వేగపు డేటా అయిపోయాక కొన్ని ప్యాక్‌లు నెట్‌ను పూర్తిగా ఆపవు, వేగాన్ని 64 కేబీపీఎస్‌కో (సెకనుకు 64 కిలోబిట్లు) 128 కేబీపీఎస్‌కో తగ్గిస్తాయి. అపరిమితం అని రాసి ఉన్న ప్యాక్‌లలో కూడా ఈ షరతు ఉండవచ్చు. 64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 కిలోబైట్లు మాత్రమే. ఆ లెక్కన 3 ఎంబీ ఫొటో చేరడానికి ఆరు నిమిషాలకు పైగా పడుతుంది. వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తూ ఫొటోలు ఆగిపోతుంటే మొదట అనుమానించవలసింది దీన్నే. కంపెనీ యాప్ తెరిచి మిగిలిన డేటా ఎంతో చూస్తే సంగతి తేలిపోతుంది, కొత్త ప్యాక్ కొనడం అర్థవంతమైన పని అయ్యేది ఈ ఒక్క సందర్భంలోనే.

కోటా ఉండి కూడా నెమ్మదిగా ఉంటే, డేటా ప్రయాణించే దారిని చూడాలి. మన సిమ్‌తో డాలస్‌లో నెట్ వాడినప్పుడు ఫలానా పేజీ చూపమని మన ఫోన్ పంపే కోరిక అక్కడి టవర్ నుంచి నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. సాధారణంగా అది సముద్రాలు దాటి భారతదేశంలోని మన కంపెనీ గేట్‌వేకు, అంటే ఇంటర్నెట్‌లోకి తెరుచుకునే ద్వారానికి, చేరి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లి, జవాబును కూడా అదే దారిన తెచ్చుకుంటుంది. డాలస్‌లో పక్కింటివారికి రాసిన ఉత్తరం స్వదేశంలోని మన ఊరి తపాలా కార్యాలయానికి వెళ్లి ముద్ర వేయించుకుని వచ్చినట్లు ఉంటుంది ఈ ఏర్పాటు. గేట్‌వే ముంబయిలో ఉందనుకుంటే డాలస్‌కు, దానికి మధ్య దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు. మనం చూడదలచిన వెబ్‌సైట్ టెక్సస్‌లోనే ఉంటే కోరిక 28 వేలు, జవాబు 28 వేలు, మొత్తం 56 వేల కిలోమీటర్లు తిరగాలి. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక ఒక్క రాకపోకకు 0.28 సెకన్లు తప్పవు. సురక్షితమైన వెబ్‌సైట్ తెరుచుకోవడానికి ఇలాంటి రాకపోకలు సాధారణంగా మూడు కావాలి కాబట్టి తెరపై మొదటి అక్షరం కనిపించేలోగానే దాదాపు ఒక సెకను గడిచిపోతుంది. కేబుళ్లు సరళరేఖలో ఉండవు, మధ్యలో యంత్రాలూ ఉంటాయి, అందువల్ల నిజంగా పట్టే సమయం ఇంకా ఎక్కువే.

దీన్ని గుర్తించడం కష్టం కాదు. మీ ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మీ ఫోన్‌ను గుర్తించే సంఖ్య) ఏ దేశానిదో చూపే వెబ్‌సైట్ తెరిస్తే, మీరు డాలస్‌లో ఉన్నా అది భారతదేశం అని చూపిస్తుంది. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ వేగం బాగానే ఉండి పింగ్, అంటే ఒక్క రాకపోకకు పట్టే సమయం, మాత్రం వందల మిల్లీసెకన్లలో ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం: వేగవంతమైన 4జీ మీద ఒక్క స్పీడ్ టెస్టే పదుల ఎంబీలు మింగేస్తుంది గనుక చిన్న ప్యాక్ మీద మాటిమాటికీ చేయకూడదు. దారి దూరం వల్ల వచ్చిన ఆలస్యానికి అదనపు ప్యాక్ ఏ విధంగానూ పరిష్కారం కాదు. డేటాను మరో సర్వర్ మీదుగా రహస్యంగా పంపే వీపీఎన్ వాడుతుంటే అది మరో మలుపును జోడిస్తుంది కాబట్టి ఆఫీసు అవసరమైతే తప్ప ఆపివేయండి.

ఈ చుట్టుదారికి ఒక మేలు కూడా ఉంది. చైనాలో స్థానిక సిమ్ మీద వాట్సాప్, గూగుల్ తెరుచుకోవు, రోమింగ్‌లో ఉన్న మన సిమ్ మీద మాత్రం డేటా స్వదేశం మీదుగా పోతుంది గనుక అవి పనిచేస్తాయి. దుబాయి, అబుదాబి ఉన్న ఎమిరేట్స్ దేశంలో స్థానిక సిమ్ తీసుకున్నవారు వాట్సాప్ కాల్ కలవకపోతే నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందని పొరబడవచ్చు. అక్కడ అలాంటి కాల్స్ మీదే ఆంక్షలు ఉన్నాయి, అది వేగానికి సంబంధించిన సమస్య కాదు.

మూడవ కారణం ఫోన్ పట్టుకున్న నెట్‌వర్క్. సౌదీలో ఎస్‌టీసీ, మోబైలీ, జైన్ ఉన్నాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ, టీ-మొబైల్, వెరైజన్ ఉన్నాయి. ఫోన్ తనంతట తాను ఎంచుకున్నది అన్నిటికన్నా వేగవంతమైనదే కానక్కరలేదు. పైగా రద్దీగా ఉన్న టవర్ మీద, ఒప్పందాన్ని బట్టి, రోమింగ్ వినియోగదారుకు స్థానికుల తరువాతి వరుస దక్కవచ్చు. హజ్ రోజుల్లో మక్కా దగ్గరి మీనాలో లక్షలాది మంది ఒకే చోట ఉన్నప్పుడు ఈ రద్దీని కళ్లారా చూడవచ్చు. సెట్టింగులలో నెట్‌వర్క్ ఎంపిక అనే చోట ఆటోమేటిక్‌ను ఆపితే, ఒకటి రెండు నిమిషాలు వెతికి ఫోన్ ఒక జాబితా చూపుతుంది. ప్యాక్ షరతులలో ఉన్న మరో నెట్‌వర్క్‌ను ఎంచుకుని కాసేపు వాడి చూడండి. జాబితాలో ఉన్నది కదా అని ప్యాక్‌లో లేనిదాన్ని ఎంచుకుంటే నెట్ రాకపోవచ్చు, లేదా విడిగా ఛార్జీ పడవచ్చు. మరో ఊరికి వెళ్లేటప్పుడు మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చడం మరవకూడదు. 5జీ గుర్తు వస్తూ పోతూ ఉంటే నెట్‌వర్క్ రకాన్ని 4జీకి పరిమితం చేయడం చాలాసార్లు మేలు చేస్తుంది.

నాలుగవది ఫోనే. మన దేశంలో అమ్మే ఫోన్లలో కొన్నింటికి, ముఖ్యంగా తక్కువ ధరవాటికి, అమెరికాలో ఇళ్ల లోపలికీ పల్లెలకీ సిగ్నల్ చేర్చే తక్కువ పౌనఃపున్యపు బ్యాండ్లు (రేడియో తరంగాల శ్రేణులు) ఉండవు. టీ-మొబైల్ వాడే బ్యాండ్ 71, వెరైజన్ వాడే బ్యాండ్ 13 అలాంటివి. అలాంటి ఫోన్ ఆరుబయట బాగా పనిచేసి, గదిలోకి రాగానే చతికిలబడుతుంది. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో, ఆస్ట్రేలియాలో 2024లో 3జీని మూసివేశాయి గనుక, 4జీ అందనప్పుడు వెనక్కి తగ్గడానికి 3జీ కూడా ఉండదు. ఫోన్ మోడల్ వివరాలలో బ్యాండ్ల జాబితాను కొనేటప్పుడో బయలుదేరే ముందో చూసుకోవలసిందే, అక్కడికి వెళ్లాక వైఫై తప్ప దీనికి మార్గం లేదు.

ఏ క్రమంలో ప్రయత్నించాలి

మొదట కోటా చూడండి. ఫ్లైట్ మోడ్ పెట్టి అర నిమిషం తరువాత తీసివేయండి, ఫోన్‌ను ఒకసారి ఆపి తెరవండి. ఏపీఎన్‌ను స్క్రీన్‌షాట్‌తో పోల్చండి. ఆ తరువాతే నెట్‌వర్క్ మార్చి చూడండి.

అదే సమయంలో వెనుక నడుస్తున్న యాప్‌లను కట్టడి చేయాలి. ఉన్న కొద్దిపాటి వేగాన్ని మనం చూడని పనులే తినేస్తుంటాయి. ఆండ్రాయిడ్‌లో డేటా సేవర్‌ను, ఐఫోన్‌లో లో డేటా మోడ్‌ను పెట్టండి. ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్ వైఫై మీద మాత్రమే జరిగేలా చూడండి. వాట్సాప్‌లో రోమింగ్‌లో ఉన్నప్పుడు మీడియా దానంతట అదే దిగకుండా ఆపే అవకాశం, కాల్స్‌కు తక్కువ డేటా వాడే అవకాశం రెండూ ఉన్నాయి. కుటుంబ గ్రూపుల్లో ఉదయాన్నే వచ్చే శుభోదయం వీడియోలు పదిమందివి కలిస్తే చిన్న కోటాకు అవే చాలు. వైఫై బలహీనపడితే మొబైల్ డేటాకు మార్చే వైఫై అసిస్ట్ ఐఫోన్‌లో ఉంటుంది గాని, రోమింగ్‌లో ఉన్నప్పుడు అది దానంతట అదే అలా మార్చదు.

ఎక్కువ రోజులు ఉండేవారికి

వారం పది రోజుల ప్రయాణానికి రోమింగ్ ప్యాక్ సౌకర్యమే. నెలల తరబడి పిల్లల దగ్గర ఉండబోయే తల్లిదండ్రులకు మాత్రం రోమింగ్ మీద ఆధారపడవద్దనే చెబుతాను. పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో మరో లైన్ చేర్చడమో స్థానిక ప్రీపెయిడ్ సిమ్ తీసుకోవడమో చేస్తే వేగం, ఖర్చు రెండూ మెరుగుపడతాయి. రెండు సిమ్‌ల ఫోన్‌లో భారతీయ సిమ్‌ను ఓటీపీల కోసం ఉంచి, దాని డేటా రోమింగ్‌ను ఆపి, స్థానిక సిమ్‌ను డేటాకు ఎంచుకోవాలి. అవసరమైతే డేటాను ఒక సిమ్ నుంచి మరో సిమ్‌కు మార్చే స్విచ్ కొన్ని ఫోన్లలో ఉంటుంది, దాన్ని కూడా ఆపండి. భారతీయ నంబరు గడువు తీరకుండా ఇక్కడి నుంచి ఎవరైనా రీఛార్జ్ చేయిస్తూ ఉండాలి.

ప్రయాణికులకు అమ్మే ఈ-సిమ్‌లు, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోకి దింపుకునే సిమ్‌లు, మధ్యేమార్గం. ఇంట్లో వైఫై ఉండగానే దింపుకుని, దిగిన తరువాత వాటిని డేటాకు ఎంచుకుంటే చాలు. వీటిలో కొన్ని మరో మూడో దేశం మీదుగా డేటా పంపుతాయి కాబట్టి పైన చెప్పిన ఐపీ పరీక్ష వీటికీ చేయండి. ఐపీ మీరున్న దేశానిదైతే ఆ ఈ-సిమ్ దారి దగ్గరిదే. అమెరికాలో అమ్ముడైన ఐఫోన్ 14కు సిమ్ ట్రే లేదు గనుక, అలాంటి ఫోన్‌తో స్వదేశానికి వచ్చే మనవారు భారతీయ నంబరును కూడా ఈ-సిమ్‌గా మార్చుకోవలసి ఉంటుంది.

జర్మనీలో చదువుకునే మన విద్యార్థుల పరిస్థితి వేరు. 2017 జూన్ 15 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల సిమ్‌లు సమాఖ్యలో ఎక్కడైనా సొంత దేశపు ధరకే పనిచేస్తాయి, మితిమీరిన వాడకానికి మాత్రం పరిమితులు ఉన్నాయి. స్విట్జర్లాండ్ ఆ నియమంలో లేదు, బ్రిటన్ బయటికి వెళ్లిపోయింది. జ్యూరిక్ రైలు ఎక్కేముందు, లేదా సరిహద్దున ఉన్న బాసెల్ దగ్గరకు వెళ్లేముందు డేటా రోమింగ్ ఆపడమో ప్లాన్‌లో స్విట్జర్లాండ్ ఉందో లేదో చూసుకోవడమో చేయాలి.

ఇవన్నీ చేసినా నెట్ నడవకపోతే వైఫై దొరికిన చోటు నుంచి కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. నెట్ రావడం లేదు అని మాత్రమే రాస్తే ఫోన్ ఆపి తెరవమన్న జవాబే వస్తుంది. ఏ ఊరు, స్థానిక సమయం ఎంత, ఏ నెట్‌వర్క్ మీద ఉన్నారు, ఏ ప్యాక్, ఎంత డేటా మిగిలి ఉంది, మరో నెట్‌వర్క్ మీద ఏమైంది అన్నవి రాసి, ఒక స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ జత చేయండి. ఫిర్యాదు సంఖ్యను దాచుకోండి. పరిష్కారం సంతృప్తికరంగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాసుకోవడానికి ఆ సంఖ్య కావాలి, వాడుకోలేకపోయిన ప్యాక్ డబ్బు వెనక్కి అడగడానికీ అదే ఆధారం.