నాస్టాక్ కల్చర్‌లో హెటిరోసిస్టులు కనిపించకపోతే

సమస్య

వాన వెలిశాక పొలం గట్టు మీదో, ఆవరణలోనో దొరికిన ఆకుపచ్చని జిగురు ముద్దను నాస్టాక్ (ఒక సయానోబాక్టీరియా, అంటే నీలి ఆకుపచ్చ శైవలం) అనుకుని తెచ్చి, బీజీ-11 అనే పోషక ద్రావణంలో (మాధ్యమంలో) పెంచారు. ఫ్లాస్కు నిండా చక్కగా పెరిగింది. మైక్రోస్కోపు కింద పూసల దండల్లాంటి తంతువులు కనిపిస్తున్నాయి, నత్రజని కోసం ప్రత్యేకంగా మారే కణం, హెటిరోసిస్టు, మాత్రం ఒక్కటీ లేదు. ఇక్కడే చాలామంది తొందరపడి, ఇది నాస్టాక్ కాదని రికార్డులో రాసేస్తారు. దయచేసి అలా రాయకండి.

ముందు చూడవలసింది

తెచ్చిన ముద్దలో కొంత మిగిలి ఉందా? బియ్యపు గింజంత తుంచి, స్లైడు మీద నొక్కి చూడండి. కణాల మధ్య అక్కడక్కడా కాస్త పెద్దగా, లేతరంగులో, మందమైన గోడతో, పక్క కణాన్ని తాకే చోట మెరిసే చుక్కతో ఉన్నవే హెటిరోసిస్టులు. అవి ముద్దలో ఉండి ఫ్లాస్కులో లేకపోతే తప్పు జీవిది కాదు, మాధ్యమానిది. ముద్దనే చూడకుండా వారాల తరబడి ఫ్లాస్కును తిట్టుకునేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

అసలు కారణం

లీటరు బీజీ-11లో 1.5 గ్రాముల సోడియం నైట్రేట్ ఉంటుంది. హెటిరోసిస్టు పని గాలిలోని నత్రజనిని స్థాపించడం, అంటే జీవి వాడుకోగల రూపంలోకి మార్చడం. ఆ పని చేసే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. అందుకే ఆ కణం గోడను మందం చేసుకుని, ఆక్సిజన్‌ను విడుదల చేసే ఫోటోసిస్టమ్-2 పనిని ఆపేసుకుంటుంది. ఇక విభజన చెందదు. నత్రజని నీళ్లలోనే పుష్కలంగా దొరుకుతుంటే, ఒక కణాన్ని ఇలా వదులుకోవలసిన అవసరం నాస్టాక్‌కు లేదు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలిసి కూడా దెబ్బతినేది దీని తర్వాతే. నైట్రేట్ తీసేసి మాధ్యమం చేస్తారు, అయినా హెటిరోసిస్టులు రావు. ఎందుకంటే నత్రజని ఇంకా దాక్కునే ఉంటుంది. అదే మాధ్యమంలో ఇనుము కోసం వేసే ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌లో అమ్మోనియం ఉంది. సూక్ష్మ మూలకాల ద్రావణంలో కోబాల్ట్ నైట్రేట్ ఉంది, దాని మోతాదు చాలా స్వల్పం. అన్నిటికన్నా పెద్ద దొంగ పాత ఫ్లాస్కు నుంచి పిపెట్‌తో వచ్చే నీరు. కల్చర్‌ను కడగకుండా పోస్తే, మీరు తీసేసిన నైట్రేట్‌ను మీరే తిరిగి పోసినట్టు.

పరిష్కారం

సెంట్రిఫ్యూజ్ చేసి పైనీటిని పారబోయండి. నత్రజని లేని మాధ్యమంతో మూడుసార్లు కడగండి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ బదులు ఫెర్రిక్ సిట్రేట్, కోబాల్ట్ నైట్రేట్ బదులు కోబాల్ట్ క్లోరైడ్ వాడండి. వెలుతురులో ఉంచితే సుమారు ఒక రోజుకు హెటిరోసిస్టులు రావడం మొదలవుతుంది. సాధారణంగా పది ఇరవై కణాలకు ఒకటి చొప్పున ఉంటాయి.

ఈలోగా కల్చర్ పసుపు పచ్చగా మారుతుంది. చచ్చిపోతోందని భయపడి మళ్లీ నైట్రేట్ వేయకండి! నత్రజని కరువులో అది తన ఫైకోబిలిప్రోటీన్లను (రంగునిచ్చే ప్రోటీన్లను) విరగ్గొట్టి వాడుకుంటోంది. స్థాపన మొదలయ్యాక రంగు తిరిగి వస్తుంది.

ఎన్నాళ్లయినా పచ్చబడకపోతే, ఫ్లాస్కులో పెరిగింది నాస్టాక్ కాకపోవచ్చు. నాస్టాక్ జిగురులో ఫార్మిడియం వంటి హెటిరోసిస్టులు లేని తంతువులు కూడా కాపురం ఉంటాయి. నైట్రేట్ దండిగా ఉన్నచోట అవి దాన్ని మించి పెరుగుతాయి. అప్పుడు తొలి ముద్దను బాగా కడిగి, నత్రజని లేని అగార్ మీద మొదటి నుంచి పెంచండి.

హెటిరోసిస్టులు కనిపించాక కూడా

అనబీనా అనే దగ్గరి ప్రజాతిలోనూ అవి ఉంటాయి కాబట్టి పేరు ఇంకా తేలలేదు. గట్టి పొరతో కూడిన జిగురు ముద్ద, పాకుతూ విడిపోయే పొట్టి తంతు ముక్కలు (హార్మోగోనియాలు) నాస్టాక్ వైపు చూపే గుర్తులు. హార్మోగోనియాల్లో హెటిరోసిస్టులు ఉండవు, ఆ దశను చూసి హెటిరోసిస్టులే లేని ఆసిల్లటోరియా అనుకోవద్దు. కుదుపుతూ పెంచిన కల్చర్‌లో ముద్ద ఏర్పడకపోవచ్చు, కాబట్టి దాని ఆకారం పొలంలోనే రాసుకోండి. పీసీసీ 7120 అనే ప్రసిద్ధ స్ట్రెయిన్‌కు ఈ రెండు ప్రజాతుల పేర్లూ వాడుకలో ఉన్నాయంటే గీత ఎంత సన్ననిదో చూడండి. పైగా నాస్టాక్ నుంచి 2013లో డెస్మోనాస్టాక్‌ను వేరే ప్రజాతిగా విడదీశారు. జాతి దాకా చెప్పాలంటే 16ఎస్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు చూడక తప్పదు.

మాలిబ్డినం లోపం, హెటిరోసిస్టులు ఏర్పరచలేని మ్యూటెంట్లు అరుదు. పైవన్నీ సరిచూసుకున్న తర్వాతే వాటి జోలికి వెళ్లండి.