గ్రూప్ పాలసీ ముట్టుకునే ముందు

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ దాచాలన్నా, పెన్‌డ్రైవ్‌లు ఆపాలన్నా ముందుగా తెరిచేది లోకల్ గ్రూప్ పాలసీ ఎడిటర్, అంటే మెషీన్‌లో ఏది నడవాలో ఏది ఆగాలో చెప్పే నియమాలను (పాలసీలను) మార్చే సాధనం. ఇది ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఉంటుంది, హోమ్‌లో ఉండదు. హోమ్‌లోకి తెప్పిస్తామంటూ ఎక్కడెక్కడో దొరికే ఫైళ్లను అడ్మిన్ హక్కులతో నడపకండి.

అసలు భయపడాల్సింది మన మెషీన్‌లోకి మనమే వెళ్లలేకపోవడం గురించి. నేను ఓ కాలేజీ ల్యాబ్ చూసే రోజుల్లో, పరీక్షలకు రెండ్రోజుల ముందు 'రన్ ఓన్లీ స్పెసిఫైడ్ విండోస్ అప్లికేషన్స్' పాలసీ పెట్టి, జాబితాలో పరీక్ష సాఫ్ట్‌వేర్ పేరు ఒక్కటే రాశాను. ఆ తర్వాత అడ్మిన్‌గా లాగిన్ అయినా ఎడిటర్ తెరుచుకోలేదు. దాన్ని నడిపే ఎంఎంసీ (మైక్రోసాఫ్ట్ మేనేజ్‌మెంట్ కన్సోల్) ప్రోగ్రామ్ ఆ జాబితాలో లేదు మరి! ఆ రాత్రి రెండు మెషీన్లలో విండోస్ మళ్లీ ఎక్కించాను.

కారణం తర్వాత అర్థమైంది. ఎడిటర్‌ను నేరుగా తెరిచి యూజర్ కాన్ఫిగరేషన్‌లో ఏం పెట్టినా ఆ మెషీన్ వాడే అందరికీ పడుతుంది, అడ్మిన్‌తో సహా. విద్యార్థులకే పడాలంటే ఎంఎంసీలో గ్రూప్ పాలసీ స్నాప్-ఇన్ (ఎంఎంసీకి జోడించే పనిముట్టు) చేర్చేటప్పుడు బ్రౌజ్ నొక్కి, యూజర్స్ ట్యాబ్‌లో 'నాన్-అడ్మినిస్ట్రేటర్స్' ఎంచుకోవాలి. విస్టా నుంచీ ఈ సదుపాయం ఉంది. అలాగే మెషీన్ ముందు కూర్చుని లాగిన్ అవకుండా ఆపే 'డినై లాగాన్ లోకల్లీ' పాలసీలో ఎవ్రీవన్ (అందరూ ఉండే గ్రూప్)ను ఎప్పుడూ చేర్చకండి. అలౌ ఉన్నా డినైదే పైచేయి.

పాలసీ పేరు రెండుసార్లు చదవండి. 'టర్న్ ఆఫ్', 'ప్రివెంట్' అని మొదలయ్యేవాటిని ఎనేబుల్ చేస్తే ఆ సౌకర్యం ఆగిపోతుంది. మార్పు వద్దనుకుంటే 'నాట్ కాన్ఫిగర్డ్'కి తిప్పాలి, 'డిసేబుల్డ్'కి కాదు.

మొదలుపెట్టకముందే సిస్టమ్32లో దాగి ఉండే గ్రూప్‌పాలసీ, గ్రూప్‌పాలసీయూజర్స్ ఫోల్డర్లు రెండూ కాపీ చేసుకోండి. పాస్‌వర్డ్ నియమాలు, లాగాన్ హక్కులు వాటిలో ఉండవు. ఆ నియమాలను, హక్కులను సెక్‌ఎడిట్ (secedit) కమాండ్‌తో విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఒక్క మెషీన్‌లో, ఒక్కో పాలసీ మార్చి చూడండి. ఏది మార్చారో నోట్‌బుక్‌లో రాసుకోండి. అడ్మిన్ సెషన్‌ను అలాగే ఉంచి, స్విచ్ యూజర్‌తో విద్యార్థి ఖాతాలోకి వెళ్లి పరీక్షించండి. వెంటనే అమలు కావాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో జీపీఅప్‌డేట్ ఫోర్స్ (gpupdate /force) కొట్టాలి. మెషీన్ డొమైన్‌లో (సర్వర్ నుంచి అన్ని మెషీన్లనూ నడిపే నెట్‌వర్క్‌లో) ఉంటే మాత్రం డొమైన్ పాలసీ మీ లోకల్ సెట్టింగ్‌ను తోసిపుచ్చుతుంది. డొమైన్ పాలసీలో చేసిన మార్పు దానంతటది మెషీన్లకు చేరడానికి 90 నిమిషాల నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఏ పాలసీ ఎక్కడినుంచి వస్తోందో జీపీరిజల్ట్ (gpresult) కమాండ్ ఇచ్చే నివేదికలో కనిపిస్తుంది.

కొన్ని పాలసీలు రీస్టార్ట్ అయితేగానీ పట్టవు. ఆ ఒక్క మెషీన్‌ను రీస్టార్ట్ చేసి, అడ్మిన్‌గా లాగిన్ అయి, ఎడిటర్ తెరుచుకున్నాకే రెండో మెషీన్ దగ్గరికి వెళ్లండి.