పాత ఫియట్ కొనేముందు కింద పడుకుని చూడండి

"పాత ఫియట్ పద్మిని కారు ఒకటి చూశాం, బాగుంది, ఎంతకి అడగమంటారు?" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను తిరిగి అడిగేది ఒక్కటే. "బండి కింద పడుకుని చూశారా?" ఎక్కువమంది చూడరు. స్టార్ట్ చేసి, హారన్ కొట్టి, సీటు నిమిరి, చిన్నప్పుడు నాన్నగారి బండిలో తిరుపతి వెళ్లిన సంగతి చెప్పుకుంటూ బేరంలోకి దిగుతారు. అమ్మేవాడికి ఇంకేం కావాలి?

నాది విజయవాడ ఆటోనగర్లో స్పేర్ పార్టుల కొట్టు. మెకానిక్‌ని కాను. కానీ పాత ఫియట్ కొన్నవాళ్లు ఆ తర్వాత చీటీ పట్టుకుని వచ్చేది నా దగ్గరికే కాబట్టి ఏది దొరుకుతుందో, ఏది దొరకదో, ఏది ఎంత లాగుతుందో తెలుసు. ఇక్కడ చెప్పేదంతా ఫియట్ 1100, పద్మినిల గురించే. అంబాసిడర్ రోగాలు వేరు, వాటి సంగతి ఇంకోసారి.

చూడబోయేది ఏ ఫియటో ముందు తేల్చుకోండి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1950ల్లో కట్టిన 1100లకి ముందు తలుపుల కీళ్లు వెనక వైపు ఉంటాయి. ముంబైవాళ్లు డుక్కర్ ఫియట్ అనేది వీటినే. 1964లో 1100డి, అంటే డిలైట్ వచ్చింది. 1970ల మొదట్లో కొన్నాళ్లు ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని. పేర్లు మారినా డిలైట్ నుంచి పద్మిని దాకా పెట్రోలు ఇంజిన్ అదే 1089 సీసీ, గేరు స్టీరింగ్ పక్కనే. ఆఖరి రోజుల్లో డీజిల్‌ది ఒకటి, ఫ్లోర్ గేరుది ఒకటి వచ్చాయి. మోజుపడే వాళ్లు వాటిని పెద్దగా వెతకరు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉండాలి.

ఇక 'వింటేజ్' అన్న మాట. 1992 పద్మినిని కూడా వింటేజ్ కారని చెప్పి లక్ష ఎక్కువ అడుగుతున్నారు. కేంద్రం 2021లో తెచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అలాంటివాటికి నంబర్లో రాష్ట్రం కోడ్ పక్కన వీఏ అని వస్తుంది. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 20 వేలు ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. అంతా బాగానే ఉంది గానీ, ఆ నంబరు తీసుకుంటే బండిని రోజూ తిప్పడానికి లేదు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం పూట పిల్లల్ని ఎక్కించుకుని ఉండవల్లి దాకా పోయొద్దామనుకునే వాళ్లకి మామూలు రిజిస్ట్రేషన్ బతికున్న బండే మేలు. అందుకే ఎవరైనా "వీఏ నంబరు చేయించొచ్చు సార్" అని ఊరిస్తే దానికి నేను రూపాయి కూడా ఎక్కువ కట్టను.

ఇప్పుడు అసలు విషయం, రేకు. ఫియట్‌కి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. బాడీ రేకే బరువంతా మోస్తుంది. ఇంజిన్ పాడైతే దించి, అరిగిన సిలిండర్లకి బోర్ కొట్టించి, పిస్టన్లు రింగులు మార్చి మళ్లీ ఎక్కించొచ్చు. ఎంతవుతుందో ముందే అంచనా చెప్పొచ్చు. రేకు పోతే ఆ అంచనా ఎవడూ చెప్పలేడు. ఒక చోట కోసి చూస్తే పక్కన ఇంకో చోట తేలుతుంది. టింకరింగ్ మేస్త్రి చెప్పిన మొదటి అంకెకీ చివరి బిల్లుకీ పొంతన ఉండదు, అందులో ఆయన తప్పూ ఉండదు.

వెళ్లేటప్పుడు ఓ చిన్న అయస్కాంతం, పలచటి గుడ్డ, టార్చి, పాత దుప్పటి పట్టుకెళ్లండి. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి, పెయింట్ గీసుకుపోకుండా చక్రాల చుట్టూ ఉన్న వంపుల మీద, తలుపుల అడుగు అంచుల మీద, హెడ్‌లైట్ల చుట్టూ, ముందు అద్దం కింది మూలల్లో పెట్టి చూడండి. గట్టిగా పట్టుకున్న చోట రేకుంది, జారిపోయిన చోట పుట్టీ, అంటే గుంటలు పూడ్చే లప్పం ఉంది. వేలి కణుపుతో కొడితే కూడా తెలుస్తుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది. ఒకటి రెండు చోట్ల కాస్త పుట్టీ ఉండటం వింత కాదు. ఆ వయసు బండికి ఎక్కడా లేదంటేనే అనుమానించాలి.

తర్వాత కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తండి. ఎత్తనివ్వకపోతే ఇంటికి వచ్చేయండి. ఫ్లోర్ మీద అతుకులు ఉంటే ఫరవాలేదు, అవి వెల్డింగ్ చేశారా, రివెట్లు కొట్టి పైన తారు పూశారా చూడాలి. డిక్కీలో స్టెపినీ తీసి దాని కింద, బ్యాటరీ తీసి దాని ట్రే కింద చూడండి. యాసిడ్ కారిన చోట రేకు అప్పడంలా విరుగుతుంది.

ఇప్పుడు దుప్పటి పరిచి కిందికి దూరండి. చూడాల్సింది రెండే. వెనక కమాన్ కట్టలు బాడీకి తగిలే చోటు ఒకటి, తలుపుల కింద బండి పొడవునా ఉండే రేకు పెట్టెలు రెండోది. ఈ రెండూ గట్టిగా ఉంటే మిగతా బండిని నిలబెట్టుకోవచ్చు. కింద అంతా నిగనిగలాడే కొత్త నల్ల కోటింగ్ కనిపిస్తే సంతోషపడకండి. అమ్మకానికి పెట్టబోయే ముందు వేయించారంటే దేన్నో కప్పడానికే. కంటికి తెలియకపోతే జాకీ చెబుతుంది. ఓనర్ని అడిగి ఒక పక్క జాకీ పెట్టి ఎత్తండి. ఎత్తాక ఆ పక్క తలుపులు తీసి వేయండి. ఇంతకుముందు పడినట్టే పడితే సరే. బిగుసుకున్నా, సందు మారినా ఆ పెట్టెల్లో బలం లేదు. అలాంటి బండిని ధర తగ్గించి కాదు, అసలు కొనొద్దనే నేను చెబుతాను.

బండి ఏ ఊళ్లో బతికిందో అడగండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలి తిన్న బండికీ అనంతపురంలో షెడ్డులో పడున్న బండికీ రేకులో చాలా తేడా ఉంటుంది. అనంతపురం బండికి సీట్లు చిరిగి, రబ్బర్లు పగిలి, చూడ్డానికి దరిద్రంగా ఉన్నా సరే, మెరిసే ముంబై బండి కంటే అదే నయం.

ముంబై అన్నాను కాబట్టి టాక్సీ సంగతి కూడా. అక్కడ నలుపు పసుపు పద్మినిలు వేలల్లో తిరిగాయి. రిజిస్ట్రేషన్ ప్రకారం ఆఖరిది 2003 అక్టోబరులో రోడ్డెక్కి, 20 ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబరులో దిగిపోయింది. టాక్సీగా తిరిగినవాటిలో కొన్ని రంగు మార్చుకుని సొంత బండి వేషంలో అమ్మకానికి వస్తుంటాయి. తలుపు సీలు రబ్బరు కొంచెం లాగి చూడండి, డ్యాష్‌బోర్డు వెనక, డిక్కీ మూత లోపల టార్చి వేయండి. ఎక్కడో ఒక చోట పసుపు దొరుకుతుంది. డిక్కీలో గ్యాస్ సిలిండర్ బిగించిన బోల్టు రంధ్రాలు, టాప్ మీద క్యారియర్ మచ్చలు ఉంటాయి. టాక్సీ అయినంత మాత్రాన వద్దని కాదు, కానీ మీటరు మీద 60 వేల కిలోమీటర్లు చూపిస్తే నమ్మొద్దు.

ఇంజిన్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అందరూ చూసేది అదే. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, "నాకు తొందర లేదండీ, చల్లారాక చూస్తా" అని టీకి వెళ్లిపోండి. చల్లటి ఇంజిన్ చోక్ లాగి సెల్ఫ్ కొడితే ఎలా అందుకుంటుందో అదే నిజం. స్టార్ట్ కాగానే కాస్త నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్ల అరుగుదల, భరించొచ్చు. యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ నీలిపొగే వస్తుంటే రింగులు, బోరు అరిగినట్టు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, ఆయిల్ మూత లోపల పాలమీగడ లాంటి జిడ్డు ఉంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు పోయి నీళ్లు లోపలికి వెళ్తున్నట్టు. ఈ ఇంజిన్ హెడ్ అల్యూమినియంది, ఒకసారి బాగా హీటెక్కితే వంగుతుంది. పావుగంట నడిపొచ్చాక ఐడిల్లో ఎర్ర ఆయిల్ లైటు మిణుకుమంటే బేరింగులు అరిగాయి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్తే నాలుగు సిలిండర్లూ కొలిపించండి. అంకె ఎంతనేదాని కంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం, తేడా 10-15 శాతం దాటకూడదు.

స్టీరింగ్ పక్కన గేరు రాడ్ వదులుగా ఊగుతుంటే భయపడకండి, బుష్షులు మారిస్తే సరి. సెకండ్‌లో వేసి కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి ఒక్కసారిగా కాలు తీయండి. గేరు దానంతటదే బయటికి వస్తే గేర్‌బాక్సు దించాలి. బ్రేకు రెండోసారి తొక్కితే గానీ పట్టకపోతే డ్రమ్ముల దగ్గర లీకేమో చూడండి. టైరు పక్క నాలుగంకెల కోడ్ చదవండి, 2314 అంటే 2014లో 23వ వారం. గాట్లు కొత్తగా ఉన్నా అలాంటి టైరు మార్చాల్సిందే. ఇవన్నీ డబ్బుతో తీరే జబ్బులు, రాసిపెట్టుకోండి.

డబ్బుతో తీరనివి వేరే ఉన్నాయి. గ్రిల్లు, బంపర్లు, వీల్ కప్పులు, మీటరు, వెనక లైట్ల అద్దాలు, తలుపు హ్యాండిళ్లు, పేరు రాసిన బ్యాడ్జీలు. పిస్టన్లు, క్లచ్ ప్లేటు, వీల్ సిలిండర్ల కిట్లు మా దగ్గరో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, చెన్నై పుదుపేటలోనో తిరిగితే దొరుకుతాయి. ఏ సంవత్సరం డిలైట్‌కి ఆ సంవత్సరం గ్రిల్లు కావాలంటే మాత్రం ఇంకో డిలైట్ చావాలి. కాబట్టి రంగు వెలిసి, ఇంజిన్ ఆగిపోయి, సామానంతా ఒంటి మీదే ఉన్న బండికి నేను ఎక్కువ ఇస్తాను. కొత్త రంగేసి, అల్లాయ్ వీల్స్ బిగించి, మారుతి ఇంజిన్ ఎక్కించిన బండికి తక్కువ. చాలామంది దీన్ని తిరగేసి కొంటారు.

కాగితాలు. ఆర్సీలో ఉన్న ఇంజిన్, చాసిస్ నంబర్లు బండి మీద గుద్దినవాటితో సరిపోవాలి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింటు తీసుకోండి. ఇంజిన్ మార్చి ఆర్సీలో ఎక్కించకపోతే ఆ తిరుగుడు మీ నెత్తిన పడుతుంది. పాత పుస్తకం ఆర్సీ అయితే వివరాలు ఆన్‌లైన్లోకి ఎక్కాయో లేదో కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూడండి. ఓనరు పోయి, కొడుకు అమ్ముతున్నాడనుకోండి, ముందు ఫారం 31 మీద బండి వారసుల పేరుకి మారాలి, ఆ తర్వాతే మీ పేరుకి మార్చే ఫారం 29, 30. వేరే రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్ఓసీ, అంటే అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం ఉండాలి. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండిని ఢిల్లీలో తిప్పనివ్వరు కాబట్టి అక్కడ చవగ్గా కనిపిస్తాయి, కానీ ఎన్ఓసీ, లారీ కిరాయి, ఇక్కడి ట్యాక్సు కలుపుకుని చూస్తే చవక ఎక్కడికి పోయిందో తెలియదు. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు కూడా 2025 ఆగస్టులో పదివేలు చేశారు.

ఇప్పుడు ధర. అమ్మేవాడు చెప్పిన అంకె నుంచి కిందికి దిగడం కాదు, బాగైన బండి ధర నుంచి వెనక్కి రండి. ప్రకటనల్లో కనిపించేది అడిగే ధర, అమ్ముడయ్యే ధర కాదు. ఒక నెల రోజులు గమనించండి. వారంలో మాయమైన బండ్ల ధర రాసుకోండి, నెలైనా కదలనివాటిని వదిలేయండి. అలా చూస్తే రేకు గట్టిగా ఉండి, కాగితాలు సరిగా ఉండి, ఎక్కి నడుపుకునే పద్మిని మూడున్నర లక్షలకి చేతులు మారుతోందని అనుకుందాం. అంకెలు లెక్క చూపడానికే, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. మీరు చూసిన బండికి టింకరింగ్, పెయింటు లక్షా ఇరవై వేలు. ఇంజిన్ నలభై అయిదు. బ్రేకులు, ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్లు ఇరవై. అయిదు టైర్లు ఇరవై. సీట్లు పాతిక. మొత్తం రెండు లక్షల ముప్ఫై వేలు. దాని మీద నాలుగో వంతు, అంటే యాభై ఏడు వేల అయిదు వందలు, కనపడని రోగాలకి. మూడున్నరలోంచి తీసేస్తే అరవై రెండు వేల అయిదు వందలు మిగిలింది. అదీ బండి ధర. ఆయన రెండున్నర లక్షలు అడుగుతున్నాడు!

ఈ కాగితం ఆయన ముందు పెట్టండి. కారుని తిట్టొద్దు. "మా నాన్నగారి బండి" అంటున్నవాడి ముందు "ఇది తుక్కు" అంటే ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు. "బండి చాలా ప్రేమగా చూసుకున్నారు సార్, దీన్ని మళ్లీ రోడ్డెక్కించాలంటే ఇదీ ఖర్చు" అనండి. కోపం వచ్చినా, కొన్నాళ్లకి తిరిగి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. మోజు మీద పది, ఇరవై వేలు ఎక్కువ పెట్టారంటే అది మీ సరదా, నేనేం అనను. లక్ష ఎక్కువ పెట్టాలనిపిస్తే ఇంట్లోవాళ్లని ఓసారి తీసుకెళ్లి చూపించండి.

బేరం కుదిరాక ఆ బండిని నడుపుకుంటూ తెచ్చుకోవాలని ఉబలాటపడకండి, లారీ మీద వేయించండి. ఏళ్ల తరబడి ఆగిన బండి ట్యాంకులో తుప్పు, పాత పెట్రోలు ఉంటాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి ఆ కాలం రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంటికి రాగానే ట్యాంకు కడిగించి, పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించి, బ్రేకులు విప్పించి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టండి. ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చుకోవడానికి 14 రోజులు, ఆర్సీ మార్చుకోవడానికి 30 రోజులు టైముంటుంది. ఫారాల మీద సంతకాలు మాత్రం డబ్బు ఇచ్చే రోజే పెట్టించుకోండి.