ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్లు ముందు కేస్‌లోకి చూడండి

పోయిన నెల మా షూటింగ్ రేంజ్‌లో, నాకు రెండు లేన్ల అవతల, ఒకాయన చేతిలోని .38 స్పెషల్ రివాల్వర్ సిలిండర్ పగిలింది. కళ్లద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి కన్ను దక్కింది, బొటనవేలికి మాత్రం కుట్లు పడ్డాయి. ఆ తూటాలు ఆయన ఇంట్లో నింపుకున్నవే. ఇక్కడ టెక్సస్‌లో నాకు తెలిసిన మనవాళ్లు కొందరు వేసవి మ్యాచ్‌ల కోసం రీలోడింగ్ మొదలుపెట్టారు, అంటే ఖాళీ కేస్‌లో (తూటా లోహపు గొట్టంలో) మళ్లీ పౌడర్ పోసి, పైన బుల్లెట్ (ఎగిరి వెళ్లే మొన) బిగించడం. వాళ్ల కోసమే ఇది. (ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం నేరం, అక్కడ ప్రయత్నించకండి.)

గురి కుదరాలంటే ప్రతి తూటా పక్కదానిలాగే ఉండాలి. క్రింప్ (బుల్లెట్ చుట్టూ కేస్ అంచు నొక్కడం), బుల్లెట్ బరువు, తూటా పొడవు, ఇవన్నీ మాన్యువల్‌లో ఉంటాయి. నేను చెప్పేది తుపాకీని పగలగొట్టగల ఒక పొరపాటు గురించి: ఒకే కేస్‌లో రెండుసార్లు పౌడర్ పడటం.

.38 స్పెషల్ తూటా 1898లో బ్లాక్ పౌడర్ (నల్లమందు) రోజుల్లో వచ్చింది, అందుకే కేస్ అంత లోతు. ఇప్పటి పౌడర్ కొద్ది గ్రెయిన్లు చాలు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములే. అడుగున చిటికెడు కనిపిస్తుంది. రెండోసారి పడినా పొంగదు, బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది. తయారైన తూటాను బయటినుంచి చూస్తే ఏ తేడా తెలియదు.

ఫోన్ మోగుతుంది, లేస్తాం, తిరిగొచ్చాక ఎక్కడ ఆపామో గుర్తుండదు. అంతే. 50 కేసులూ లోడింగ్ బ్లాక్‌లో (రంధ్రాలున్న పలకలో) నిలబెట్టి, టార్చ్ ఏటవాలుగా పట్టి, వరుసవారీగా లోపలికి చూడండి. అన్నింట్లో మట్టం ఒకేలా ఉందని తేలాకే బుల్లెట్ పెట్టండి. మధ్యలో లేచారా, పౌడరంతా ఒంపేసి మొదటినుంచి నింపండి.

పౌడర్ అసలు పడకపోయినా ప్రమాదమే. టప్‌మని చిన్న శబ్దం వస్తే ఆగండి. బుల్లెట్ బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, వెనకే ఇంకోటి కాలిస్తే బారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా.

బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి.
లేబుల్ లేని పౌడర్ వాడొద్దు.
మాన్యువల్‌లోని గరిష్ఠ మోతాదుతో మొదలుపెట్టకండి, కనీస మోతాదు నుంచి కొద్దికొద్దిగా పెంచండి.
స్కేల్ మీదికి ఫ్యాన్ గాలి తగలకూడదు, అంకె ఊగుతుంది.
9 ఎంఎం తూటా మొనను బల్లకు అదిమి చూడండి. బుల్లెట్ లోపలికి జారితే పక్కన పడేయండి, అలాంటిది కాలిస్తే ప్రెజర్ విపరీతంగా పెరుగుతుంది.
ఆ గదిలో తినొద్దు. సీసం దుమ్ము ఉంటుంది, చేతులు సబ్బుతో కడగండి.
నిద్రమత్తులో నింపొద్దు. మందు తాగి అసలే వద్దు.
ప్రతి కేస్‌లోకీ చూడండి. చూశాననిపించినా మళ్లీ చూడండి.
వేరేవాళ్లు నింపిన తూటాలు మీ తుపాకీలో పెట్టకండి, మీవి వాళ్లకివ్వకండి.