పరస్పర అంగీకార విడాకులు: ఏం రాయించుకోవాలి, ఎక్కడ బెడిసికొడుతుంది

పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇక ఒకరికొకరం సంబంధం లేదు’ అని రాసుకుని సంతకాలు పెడితే విడాకులు అయిపోయినట్టేనని నమ్మేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. హిందూ వివాహ చట్టం ప్రకారం, కులాచారాన్ని కోర్టులో రుజువు చేయగలిగిన అరుదైన సందర్భాల్లో తప్ప, కోర్టు డిక్రీ (తుది ఉత్తర్వు) లేనిదే పెళ్లి రద్దు కాదు. ఆ కాగితం చూసుకుని రెండో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు, పైగా నేరం. అలాగని పంచాయితీలో తేలిన లెక్క వృథా అనుకోవద్దు. అదే లెక్కను అంశాలవారీగా పిటిషన్‌లోకి ఎక్కించాలి.

ఇద్దరికీ ఇష్టమైతే దారి సెక్షన్ 13బి. పిటిషన్ వేసేనాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా కాపురం లేకపోతే విడిగా ఉన్నట్టే లెక్క. పెళ్లి జరిగిన చోటో, చివరిసారి కలిసి కాపురం ఉన్న చోటో ఫ్యామిలీ కోర్టులో వేయవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జతచేయండి.

మొదటి మోషన్ (ఇద్దరూ కలిసి పిటిషన్ వేసి కోర్టు ముందు ఒప్పుకోలు చెప్పడం) తర్వాత ఆరు నెలలు ఆగి, 18 నెలల లోపు రెండో మోషన్‌కు, అంటే అదే మాట మళ్లీ చెప్పడానికి, రావాలి. ఈ ఆరు నెలల్ని కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకు అప్పటికే ఏడాదిన్నరగా విడిగా ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, డబ్బు, పిల్లల సంగతి నిజంగా తేలి ఉండాలి. మొదటి మోషన్ అయిన వారానికే ఈ అర్జీ పెట్టుకోవచ్చు.

ఎక్కువగా చెడేది డబ్బు దగ్గర. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకుని ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. అందుకే మొత్తం సొమ్ము ముందే ఇచ్చేయడం తెలివితక్కువ, డబ్బు చేతికి రాకముందే కేసులన్నీ తీసేసుకోవడం కూడా అంతే. కొంత మొదటి మోషన్ నాడు, మిగతాది రెండో మోషన్ నాడు జడ్జి ఎదుట డీడీగా ఇవ్వాలని రాసుకోండి. డీడీ నంబరు, బ్యాంకు, తేదీ ఆర్డరులో నమోదు చేయించండి. భర్త, అత్తింటివారి వేధింపులపై పెట్టిన 498ఎ కేసు (2024 జూలై నుంచి జరిగిన నేరాలకు బీఎన్‌ఎస్ సెక్షన్ 85) ఉంటే విడాకులతో దానంతటదే పోదు. హైకోర్టులో క్వాష్ పిటిషన్‌కు (కేసు కొట్టేయమనే అర్జీకి) సహకరించాలన్న షరతు, గడువుతో సహా ఉండాలి.

‘బంగారం ముట్టింది’ అన్న ఒక్క ముక్క సరిపోదు. కాసులపేరు ఎన్ని గ్రాములు, వడ్డాణం ఎన్ని గ్రాములు, లాకరులో ఏముంది, ఏ రోజు ఎవరి ఎదుట ఇచ్చారు అన్నీ రాయాలి. ఫ్లాట్ ఇద్దరి పేరునా ఉంటే ఒకరు తమ వాటా వదులుకుంటూ రాసిచ్చే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ కావాలి. హోమ్ లోన్ సంగతి చాలామంది మరిచిపోతారు: కిస్తీ భర్తే కట్టాలని డిక్రీలో ఉన్నా, కో-అప్లికెంట్‌గా భార్య పేరు తీసేయడానికి బ్యాంకు ఒప్పుకోనంతవరకు బాకీ ఇద్దరిదీ.

పిల్లల విషయంలో ‘తండ్రి అప్పుడప్పుడు చూడవచ్చు’ అని రాసుకుంటే కొత్త గొడవలకు మీరే తలుపు తీసినట్టు. ఇలా రాయండి: ‘రెండో, నాలుగో శనివారాలు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు, దసరా సెలవుల్లో మొదటి సగం తండ్రి దగ్గర, సంక్రాంతి తల్లి దగ్గర, మరుసటి ఏడాది తారుమారు, బుధ, ఆదివారాల్లో రాత్రి 7.30కి వీడియో కాల్.’ అప్పగించే చోటు, ఆలస్యమైతే ఎంతసేపు ఆగాలి, తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలు ఎప్పుడు చూడవచ్చు, స్కూలు ఫీజు ఎవరిది, పాస్‌పోర్టుకు ఎవరు సంతకం పెట్టాలి అన్నవీ ఉండాలి. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం చెబుతుంది, కానీ అన్నిటికన్నా పైన చూసేది బిడ్డ క్షేమం. భరణం వద్దని తల్లి తన వరకు రాసివ్వవచ్చు, బిడ్డ హక్కును మాత్రం వదులుకోలేదు.

అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి డిక్రీతో సరిపెట్టుకోవద్దు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటకు మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వాయిదాకు రాలేనివాళ్లు వీడియో కాన్ఫరెన్స్‌కు అనుమతి అడగవచ్చు.

ఒప్పందం కుదరకపోతే విషయం వేరు. భరణం కేసులో ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ఇద్దరూ అఫిడవిట్ వేయాలి. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందే పోగుచేసుకోండి. లాయరును పెట్టుకునే స్తోమత లేని మహిళలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. వారికి ఆదాయ పరిమితి లేదు. హెల్ప్‌లైన్ 15100.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. కాపీ చేతిలో పడగానే పేర్ల స్పెల్లింగు, పెళ్లి తేదీ పాస్‌పోర్టుతో సరిపోలాయో లేదో చూసుకుని, తేడా ఉంటే సవరణకు వెంటనే అర్జీ పెట్టండి.